పేరు పెట్టి కొట్టిన చెట్టు

నాకు వృక్షశాస్త్రం వచ్చునని మా ఊళ్ళో మొదట ప్రచారం చేసినవాణ్ణి నేనే. రాజమండ్రి కాలేజీలో ఎఫ్.ఏ. చదివేటప్పుడు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నాను. నిండా ఆకుల బొమ్మలు, పువ్వుల బొమ్మలు. పరీక్ష తప్పాను గాని పుస్తకాన్ని మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాను. ఊళ్ళో ఖాళీగా ఉన్న ఆ ఏడాది నాకు ఒకటే పని. కనిపించిన మొక్కనల్లా పీకడం, రేకులు విప్పి చూడటం, పక్కన ఎవరైనా ఉంటే ఇంగ్లీషులో ఏదో గొణగడం. మా అమ్మ పెంచుకున్న బూడిదగుమ్మడి పాదుకి పూసిన మగపువ్వులన్నీ కోసి పరిశోధించాను. ఆ ఏడు పాదు ఒక్క కాయ కాస్తే ఒట్టు.

“నీ చదువు మండ! వడియాలు దేంతో పెట్టనురా?” అని అమ్మ అరిచింది. శాస్త్రజ్ఞులకు ఇంట్లో గౌరవం ఉండదని పుస్తకంలో ఎక్కడో చదివినట్టు గుర్తు తెచ్చుకుని ఊరుకున్నాను.

మాది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఊరు. మా దగ్గరున్న చెట్లని గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు. కొబ్బరి, తాడి, పోక, అరటి. పుట్టిన పిల్లవాడికి ఉగ్గుతో పాటు వాటి పేర్లూ వచ్చేస్తాయి. అంచేత నా పాండిత్యాన్ని పరీక్షించే అవకాశం ఊళ్ళో ఎవరికీ రాలేదు. నా కీర్తి అలా నిలబడింది.

దాన్ని నిజంగా నమ్మినవాడు మా మేనమామ ఒక్కడే. చిన్నప్పుడే నాన్న పోతే అమ్మనీ నన్నూ తన ఇంటికి తెచ్చుకుని, నన్ను చదివించినవాడు ఆయన. నేను పరీక్ష తప్పానని తెలిసిన రోజున కూడా “ఆ కాయితాలు దిద్దినాయనకి చత్వారమేమోరా” అన్నాడు తప్ప నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆయన మా ఊరి గుడికి ధర్మకర్త. తెల్లవారి స్వామిని చూడకుండా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. మావయ్యకి ఉన్న వ్యసనమల్లా అదే.

ఆ కార్తికంలో పెద్ద గాలివాన వచ్చి గుడి ధ్వజస్తంభం నడిమికి విరిగి పడింది. ఇత్తడి రేకు లోపల కర్రంతా చెదలు తినేసింది. ఊరు మండపంలో కూడినప్పుడు, మావయ్యంటే గిట్టని అవతలి పక్షంవాళ్ళు ఊరుకుంటారా? “పెద్దల హయాంలో నిలబడ్డది వీరి హయాంలో పడిందండి” అన్నారు. మావయ్యది ముక్కుమీద కోపం. లేచి నిలబడి, “కొత్త ధ్వజం ఎత్తేదాకా నేను గుడి మెట్టెక్కను. కావలిస్తే రాసుకోండి” అనేసి వచ్చేశాడు.

ఇంటికొచ్చి కూర్చున్నాక గాని తానేమన్నాడో ఆయనకి తెలిసిరాలేదు. మర్నాటినుంచి పొద్దున్నే స్నానం చేసి, గుడి ముందు వీధిలో నిలబడి లోపలికి చూసేవాడు. అక్కణ్ణించి దీపం మాత్రం కనిపిస్తుంది. స్వామి కనిపించడు. ఆ దీపానికే దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కెలికి లేచేవాడు. వైశాఖంలో కల్యాణం. ఆలోగా ధ్వజం ఎత్తగలిగితే ఆయన ఆ నాలుగు మెట్లూ ఎక్కుతాడు. లేకపోతే ఆ ఏడు పెళ్ళికొడుకైన స్వామిని చూడలేడు. మా ఇంట్లో అందరికీ అదే బెంగ.

పెద్దాపురం దగ్గర్నించి గుళ్ళు కట్టే స్థపతిగారిని పిలిపించాం. బక్కపలచటి పెద్దమనిషి, మాట నెమ్మది.

“మామూలు దూలాలైతే ధవళేశ్వరం రేవులో దుంగలు కొనుక్కోవచ్చండి. ధ్వజానికి మాత్రం బజారు కర్ర పనికిరాదండి. నిలబడున్న చెట్టుని చూసి ఎంచుకోవాలి, దానికి పూజ చెయ్యాలి. పక్షులూ పాములూ భూతాలూ దానిమీద ఎవరెవరు కాపురమున్నారో వాళ్ళందర్నీ వేరే చోటు చూసుకోమని బతిమాలాలి. ఆనక చెట్టుని పేరెట్టి పిలిచి, దేవుడి పనికి తీసుకెళ్తున్నాం, మన్నించమని అడగాలండి. పేరు లేకుండా ఎవర్ని మన్నించమంటామండీ? వీధిలో పోయేవాణ్ణి ‘ఏవయ్యోయ్’ అన్నట్టుంటుంది.”

“ఏ చెట్టు మంచిదంటారు?” అన్నాడు మావయ్య.

“సోమిద దొరికితే మారాజండి. గుళ్ళ పనికి దాన్ని మించిన కర్ర లేదు. తాని చెట్టు మాత్రం కాకూడదు, అందులో కలి ఉంటాడంటారు. అయితే ఓ చిక్కుందండి. కోసిన కర్రయితే వాసన చూసి చెప్తాను. నిలబడ్డ చెట్టుని చూసి చెప్పమంటే నా వల్ల కాదండి. అడివిలో నేనెప్పుడూ చెట్టు ఎంచలేదు.”

మావయ్య మొహం విప్పారింది. “దానికేముందండీ, మా అల్లుడున్నాడుగా. వాడు చదివిందే అది.”

సోమిద చెట్టుని నేను జన్మలో చూడలేదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను గొంతు సవరించుకుని, “పువ్వూ ఆకూ దొరికితే చాలు” అన్నాను.

ఫాల్గుణంలో బయల్దేరాం. కాలవ పడవలో ధవళేశ్వరం, అక్కణ్ణించి నది మీద పైకి. నా పుస్తకంలో సోమిద గురించి ఒక పేరా ఉంది. ఆకులో చిన్నాకులు జంటలు జంటలుగా ఉంటాయి. పువ్వులు చిన్నవి, తెల్లవి, గుత్తులు గుత్తులు. కాయ చెక్కలా గట్టిది, ఎండితే అయిదు పెచ్చులుగా విచ్చుకుంటుంది. దేవీపట్నం చేరేలోపల ఆ పేరా కంఠతా పట్టి, పడవవాళ్ళతో సహా అందరికీ వినిపించాను. స్థపతిగారు శ్రద్ధగా విన్నారు. మావయ్య మధ్యమధ్య ఆయన వైపు చూసి, “చూశారా?” అనేవాడు.

పాపికొండల దిగువన దిగి, మావయ్య ముందే సంపాదించిన పర్మిట్టుతో, కూలీలతో అడవిలోకి నడిచాం. నాది ఒకటే షరతు. చెట్టు పేరు ఎవరినీ అడగకూడదు. దారిన పోయేవాణ్ణి అడిగి తెలుసుకునే మాటైతే ఎఫ్.ఏ. దాకా చదవడమెందుకని నా పట్టు.

ఒక వాగు పక్కన కనిపించిందది. ఇద్దరం చేతులు చాచి కౌగిలించినా అందని మొదలు. అక్కణ్ణించి వంకర లేకుండా, కణుపు లేకుండా నిట్టనిలువున పైకి పోయింది. తల ఎత్తి చూస్తే తలపాగా జారి వెనక పడింది. స్థపతిగారు దాని చుట్టూ తిరిగి, అరచేత్తో తట్టి, చెవి పెట్టి విని, “దీన్ని మించింది దొరకదండి. పేరొక్కటి చెప్పండి బాబుగారూ” అన్నారు.

చుట్టూ చెట్లన్నీ ఆకు రాల్చేశాయి. ఇదీ అంతే. ఎక్కడో పైన బోసి కొమ్మలు. వాటన్నిటికీ మీద, నడినెత్తిన, ఒక్క పచ్చటి గుబురు. అందులో నారింజరంగు పూలు కూడా ఉన్నాయి. మా ముగ్గురికీ అది చెట్టు తలలా కనిపించింది. కనిపించదూ మరి? మా సీమలో ఎత్తయిన చెట్టంటే ఒంటినిండా ఏమీ ఉండదు, నెత్తిన మాత్రం జుట్టు ఉంటుంది. ఆకు మొత్తం రాల్చి బతికుండే చెట్లుంటాయని పుస్తకంలో చదివినా నా కళ్ళు నమ్మలేదు. మా ఊళ్ళో అలాంటి దాన్ని పొయ్యిలోకి కొడతాం. “బాగా బలిసిన తాడిలా ఉందిరా” అన్నాడు మావయ్య మెచ్చుకుంటూ.

కూలీల్లో చెట్లెక్కే ఆసామిని పిలిచి, “పైన పచ్చగా ఉన్నదాంట్లోంచి ఓ రెమ్మ, ఆకూ పువ్వూ కాయా అన్నీ ఉండేలా కోసుకురా” అన్నాను. తీగలు పట్టుకుని అతను ఎక్కుతుంటే మాకు కింద చెమటలు పట్టాయి. చెప్పింది చెప్పినట్టు కోసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

నేను బండమీద పంచె పరిచి, రెమ్మని దానిమీద పెట్టి, చాకు తీశాను. అందరూ చుట్టూ మూగారు. ఆకు దళసరి, తోలులా ఉంది. జంటలూ లేవు, చిన్నాకులూ లేవు. పువ్వు వేలెడు పొడుగు గొట్టం, కొస పచ్చన. కాయ చిదిమితే బంకలా వేళ్ళకి అంటుకుంది, ఎంత తుడిచినా పోలేదు. నా పేరాలో ఉన్న మాట ఒక్కటీ దీనికి పొసగలేదు.

“సోమిద కాదు. తాని కూడా కాదు” అన్నాను.

“తాని కాదు కదండీ, అంతే చాలండి” అని స్థపతిగారు చేతులు జోడించారు.

మధ్యాహ్నమంతా పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాను. ఎక్కడా లేదు. చెట్లమీద బతికే మొక్కల గురించి చివర్న ఒక అధ్యాయం ఉన్నమాట నిజమే. అచ్చులో అంటుకునే వచ్చిన దాని పుటలు నేనింకా కత్తితో కోసి విడదియ్యలేదు. పరీక్షకి అది రాదని మా పంతులుగారు చెప్పారు. మా మామిడిచెట్లకి బదనిక పట్టదా అంటే పడుతుంది, అయితే పూతకి రాకుండానే కొయ్యించేస్తాం. చేతికందే చోట ఉంటే దాన్ని బదనిక అంటాం. అంత మహావృక్షం నెత్తిన కిరీటంలా కూర్చున్నది బదనిక అయ్యుంటుందని తోచడానికి నాకు వినయం కావాలి. అది నా దగ్గర లేదు.

పొద్దు వాలేసరికి నాకు వేరే సంగతి తోచింది. పుస్తకంలో లేదంటే దొరలు దీన్నింకా చూడలేదన్నమాట! చూసిన మొదటివాణ్ణి నేనే! ఒళ్ళు ఝల్లుమంది. మద్రాసులో దొరలకి పంపుతాను, లాటిన్ పేరు వస్తుంది, ఆ పేరు చివర మా ఇంటిపేరు ఉంటుంది. నా పరీక్ష కాయితాలు దిద్దినాయన అది చదువుతాడు. అప్పటికప్పుడు సంస్కృతంలో ‘రక్తనాళ వృక్షం’ అని పేరు కట్టి ప్రకటించాను. స్థపతిగారు రెండుసార్లు పలికి చూసుకుని, “బరువుగా ఉందండి” అని సంతోషించారు.

మర్నాడు పూజ. మొదలుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, మా ఊరి కొబ్బరికాయ కొట్టారు. “ఓ రక్తనాళ వృక్షరాజమా!” అని స్థపతిగారు ఎలుగెత్తి పిలిచి మన్నించమన్నారు. మావయ్య ఆ రాళ్ళలో సాష్టాంగపడి చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు ఆయన నుదుటికి మట్టి, కళ్ళలో నీళ్ళు. “వైశాఖానికి ముందే ఎత్తేద్దాంరా” అన్నాడు నా భుజం పట్టుకుని.

గొడ్డళ్ళు పడ్డాయి. కాసేపటికి ఎర్రటి పేళ్ళు లేచాయి. స్థపతిగారు ఒకటి తీసి వాసన చూసి, నాలిక్కి రాసుకుని, మళ్ళీ వాసన చూశారు. “బాబుగారూ, ఇది సోమిదలాగే ఉందండి” అన్నారు అనుమానంగా. రంగు ఒకటైనంత మాత్రాన జాతి ఒకటి కాదని నేను ఆయనకి ఉపన్యాసమిచ్చాను. ఆ ఉపన్యాసం సగంలో ఉండగా చెట్టు కూలింది.

దుమ్ము తగ్గాక, మద్రాసుకి పంపాల్సిన కొమ్మల కోసం కొస దగ్గరికి పరిగెత్తాను. అక్కడ చూశాను. ఆ పచ్చ గుబురు ఒక్క కొమ్మని కరుచుకుని ఉంది. అది పుట్టినచోట కొమ్మ గడ్డకట్టి ఉబ్బింది. మిగతా కొమ్మలన్నీ బోసిగా ఉన్నాయి. వాటి చివర్ల పోయినేటి కాయలు ఇంకా వేలాడుతున్నాయి. చెక్కలా గట్టివి, నల్లవి, అయిదు పెచ్చులుగా విచ్చుకున్నవి. ఆ పేరా తిరగెయ్యడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది.

ఆ కొమ్మమీదే కూర్చుండిపోయాను. మావయ్య వచ్చి, నా మొహం చూసి, “ఏంట్రా?” అన్నాడు. ఆయన అలా అడిగితే దాచడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. చెప్పేశాను. ఇది సోమిదేననీ, నేను పేరు పెట్టింది దానిమీద బతుకుతున్న బదనికకనీ.

స్థపతిగారు పచ్చ గుబురు వైపూ, పసుపు రాసిన మొదలు వైపూ చూశారు. ఆ తరవాత, “అయితే మనం మన్నించమన్నది ఆ పైనున్నదాన్నా అండి?” అన్నారు.

“అవునండి.”

“చెట్టునెవరూ అడగలేదన్నమాట.”

నా వల్ల అయిన ద్రోహం అంత చిన్న మాటలో పట్టేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గుపడి ఊరుకున్నా బాగుండేది. “పోనిద్దురూ మావయ్యా, రేకు తొడిగేస్తే ఎవరికి తెలుస్తుంది?” అన్నాను. శాస్త్రం పేరు చెప్పి అందరి నోళ్ళూ మూయించిన నేనే ఆ మాటా అన్నాను.

“ఊళ్ళోవాళ్ళకి తెలీదురా. దానెదురుగా రోజూ నిలబడాల్సినవాణ్ణి నేను” అన్నాడు మావయ్య. స్థపతిగారి వైపు తిరిగి, “దీనికేవన్నా దారుందా అండి?” అని అడిగాడు.

“మొదలుకి నెయ్యీ తేనే రాసి, ఇప్పుడైనా అడిగి వెళ్దామండి. చిగిర్చిందా, మన్నించినట్టు. అప్పుడు దుంగ కదుపుదాం. లేదా, ఇక్కడే వదిలెయ్యాలండి.”

ఎండలు ముదురుతున్నాయి. వానలు పడేదాకా ఏ మొదలూ చిగిర్చేలా లేదు. తాను ఏం వదులుకుంటున్నాడో మావయ్యకి తెలుసు. అయినా “అలాగే చేద్దామండి” అన్నాడు. స్థపతిగారు మొదలుకి నెయ్యీ తేనే రాసి, ఈసారి సోమిద అని పేరెట్టి పిలిచి అడిగారు. పడవలో మేం వెనక్కి వస్తుంటే నేను పుస్తకం తెరవలేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండునని దారి పొడుగునా ఏడుపొచ్చింది.

వైశాఖం వచ్చింది. ధ్వజం లేదు గనక ఊరేగింపు లేకుండా లోపలే కల్యాణం అయిందనిపించారు. మావయ్య నెత్తిన కండువా వేసుకుని ఎండలో వీధిలో నిలబడ్డాడు. నేనూ పక్కన నిలబడ్డాను. మావయ్య నన్ను లోపలికి వెళ్ళమన్నా నేను వెళ్ళలేదు. తలంబ్రాల వేళ వాయిద్యాలు మోగితే, ఆయన మునివేళ్ళమీద లేచి చూశాడు. అన్నేళ్ళ మనిషి అలా లేవడం చూసి నా గుండె తరుక్కుపోయింది.

సంగతి ఊరంతా పాకింది. నేను ఎదురైతే చాలు, గట్టుమీద గడ్డిపరక తెంపి, “అయ్యా, దీని పేరేంటో తమరు కాస్త సెలవివ్వాలండి” అనేవారు. ఒకాయన తన తలపాగా విప్పి, బట్టతలమీది నాలుగు వెంట్రుకలు చూపించి, అవి తనవో బదనికో చెప్పమన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యను. వానాకాలమంతా మావయ్య తాటాకు గొడుగు పట్టుకుని అదే చోట నిలబడ్డాడు. భాద్రపదంలో జ్వరం తగిలి మంచమెక్కాడు. లేచిన రోజున మళ్ళీ అక్కడే నిలబడ్డాడు.

వరదలు తీశాక కార్తికంలో నేనొక్కణ్ణే పడవెక్కి వెళ్ళాను. ఆ వాగు దగ్గరికి నడుస్తుంటే, చూడటానికి భయమేసి రెండుమూడుచోట్ల ఆగిపోయాను. మొదలు చుట్టూ నడుమెత్తున చిగుళ్ళు. లేత ఆకు ఎర్రన, ముదిరినది పచ్చన, చిన్నాకులు జంటలు జంటలుగా. నా ప్రతాపానికి పడిపోయినాక గాని ఆ చెట్టు నాకు తన ఆకు చూపించలేదు. వంగి ఒక చిగురు కోసి తడిగుడ్డలో చుట్టాను.

ఇంటికొచ్చి మావయ్య చేతిలో పెట్టాను. ఆయన వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

“ఎక్కణ్ణించి కోశావురా?”

“మొదలునుంచే మావయ్యా. నా చేత్తోనే కోశాను.”

“దానిమీద ఇంకేదన్నా ఎక్కి కూచుందేమో చూశావా?”

“చూశాను.”

మావయ్య పకపకా నవ్వాడు. గాలివాన తరవాత ఆయన నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

సోమిద కర్ర నీళ్ళలో తేలేది కాదు. వెదురు మోపులు రెండువైపులా కట్టి, నది మీద దింపి, ధవళేశ్వరం లాకు దాటించి, కాలవలో ఊరిదాకా తెచ్చేసరికి మాఘం అయింది. చెక్కడాలూ పూజలూ అయి, వైశాఖంలో కల్యాణానికి ముందు ఒక పొద్దున్న ఊరందరూ మోకులు పట్టి ధ్వజాన్ని నిలబెట్టారు. ఇత్తడి రేకు ఇంకా తొడగలేదు. ఎర్రటి కర్ర ఎండలో నిగనిగలాడింది. అవతలి పక్షంవాళ్ళే మావయ్యకి ఎదురొచ్చి లోపలికి దయచెయ్యమన్నారు.

జ్వరం తరవాత మావయ్య మోకాళ్ళు బలహీనపడ్డాయి గనక నేను ఆయన రెక్క పట్టుకున్నాను. నాలుగు మెట్లూ ఎక్కాడు. ఏడాదిన్నర నుంచి చూడని స్వామి ఎదురుగా ఉన్నాడు, తలుపులు తెరిచే ఉన్నాయి. ఆయన సరాసరి అటే వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. నా చెయ్యి వదిలించుకుని ధ్వజస్తంభం దగ్గరికి నడిచి, రెండు చేతులూ దానిమీద పెట్టి, నుదురు ఆనించాడు. పడిపోతాడేమోనని నేను వెనకే ఉన్నాను. మెల్లిగా అంటున్న మాటలు నాకు వినపడ్డాయి.

“తల్లీ సోమిదా, మావాడు చిన్నవాడు. తెలీక నిన్ను వేరే పేరెట్టి పిలిచాడు. వాడిమీద ఏమీ పెట్టుకోకమ్మా. మంచివాడు.”

అప్పుడు లోపలికి వెళ్ళాడు. ఆయన వెంట నేను వెళ్ళలేకపోయాను. లోపల గంట మోగింది, హారతి వెలిగింది, జనం నన్ను తోసుకుంటూ వెళ్ళారు. ఆ చెట్టు గురించి ఊరందరికీ చెప్పాను, ఊరందరిచేతా అనిపించుకున్నాను. దానితో మాత్రం ఒక్క మాటైనా అనలేదని అప్పటిగ్గాని నాకు తోచలేదు. చేతులు జోడించాను. మావయ్య నుదురు ఆనించిన చోటే నేనూ నుదురు ఆనించాను.